ఒక్క క్లిక్కు, ఊరంతా జాంబీలు: బ్రౌజర్ ఆటల్లో గెలిచే పద్ధతి

పైనుంచి చూస్తున్నట్టు ఒక బుల్లి ఊరు. నాలుగు రోడ్లు, ఓ పార్కు, కొన్ని ఇళ్లు, గోరంత కూడా లేని మనుషులు. మీ చేతిలో ఉన్నది ఒక్క క్లిక్కు. నొక్కిన చోట ఆకుపచ్చ వైరస్ చిమ్ముతుంది. తగిలినవాడు జాంబీ అయి పక్కవాడి వెంట పడతాడు, వాడు ఇంకొకడి వెంట. ఇక మీరు చేసేది పెద్దగా ఏమీ ఉండదు, కూర్చుని చూడటమే. కాసేపటికి ఊరు ఖాళీ అయిపోతుంది, లేదంటే పది మంది జాంబీలు నడిరోడ్డు మీద కూలిపోయి ఆట ముగుస్తుంది.

ఇది ఇన్ఫెక్టొనేటర్. ఇండోనేషియాలో క్రిస్ ఆంటొనీ మొదలుపెట్టిన టోగే ప్రొడక్షన్స్ అనే చిన్న స్టూడియో 2009లో చేసిన ఫ్లాష్ ఆట. 2010లో వరల్డ్ డామినేటర్, 2012లో ఇన్ఫెక్టొనేటర్ 2 వచ్చాయి. నేను మొదటిసారి ఆడింది మా వీధి చివర నెట్ సెంటర్లో. గంట అయిపోయిందని కుర్రాడు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డా "ఇదొక్క ఊరు అన్నా" అని బతిమాలుకున్న రోజులవి. అప్పట్లో ఓడిపోయినప్పుడల్లా, ఊళ్లలో ఏరుకున్న నాణేలతో ఆటలోని దుకాణంలో జాంబీల బలం కొని పెంచేవాణ్ని. చాలాకాలం అదే తప్పు చేశాను.

ఈ ఆటల్లో గెలుపు బలం వల్ల రాదు. ఒక్కో జాంబీ తాను పడిపోయేలోపు సగటున ఒకరికి మించి అంటిస్తోందా లేదా? మొత్తం ఆట ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. క్లిక్కు ఎక్కడ నొక్కాలి, డబ్బు దేనికి పెట్టాలి, ఏ ఊరికి ముందు వెళ్లాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఇక్కడినుంచే వస్తాయి. ఆ సగటును ఈ వ్యాసంలో 'అంటింపు' అని పిలుస్తాను.

ముందు ఆట తెరుచుకోవాలి

ఒకప్పుడు బ్రౌజర్లో ఇలాంటి ఆటల్ని ఆడించిన ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ 2020 డిసెంబరు 31తో మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే ఫ్లాష్ ఫైళ్లను తెరవకుండా అడ్డుకుంది. అంటే పాత ఆటల పేజీలు ఇంకా ఉన్నా, చాలాచోట్ల ఆట ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా కనిపిస్తుంది. దారులు మూడున్నాయి.

మొదటిది రఫ్ల్. ఇది ఫ్లాష్ ఆటల్ని ఇప్పటి బ్రౌజర్లో ఆడించే ఉచిత ఎమ్యులేటర్. న్యూగ్రౌండ్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్ల ఇది పేజీలోనే అమర్చి ఉంటుంది కాబట్టి మీరు చేయాల్సిందేమీ లేదు. రెండోది అదే రఫ్ల్‌ను మీ బ్రౌజర్‌కు ఎక్స్‌టెన్షన్‌గా పెట్టుకోవడం. దాంతో పాత పేజీల్లోని బూడిదరంగు డబ్బాలు కూడా చాలావరకు లేచి కూర్చుంటాయి. మూడోది ఫ్లాష్‌పాయింట్. పాత వెబ్ ఆటల్ని పోగుచేసి కాపాడుతున్న ఈ భాండాగారాన్ని కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఫ్లాష్ ఆటలు రాసే భాష యాక్షన్‌స్క్రిప్ట్. దాని 1, 2 రకాలతో రాసిన పాత ఆటలు రఫ్ల్‌లో బాగా నడుస్తాయి. యాక్షన్‌స్క్రిప్ట్ 3తో రాసినవాటిలో కొన్ని ఇబ్బంది పెట్టొచ్చు. అలాంటప్పుడు కుస్తీ పట్టకుండా ఫ్లాష్‌పాయింట్‌కు వెళ్లండి.

"ఈ ఆటకు ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ కావాలి, ఇక్కడ నొక్కండి" అని ఏ పేజీ అయినా అడిగితే ఆ ట్యాబ్ మూసేయండి. ఫ్లాష్‌కు కొత్త అప్‌డేట్ అనేదే లేదు, కాబట్టి వాళ్లు దించమంటున్నది ఇంకేదో.

సేవ్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. రఫ్ల్‌లో ఆడినప్పుడు మీ ఆట ఎక్కడిదాకా వచ్చిందన్నది బ్రౌజర్ నిల్వలో ఉంటుంది. బ్రౌజింగ్ డేటా చెరిపేస్తే అదీ పోతుంది. ఇన్‌కాగ్నిటో విండోలో ఆడితే విండో మూయగానే పోతుంది. మూడు సాయంత్రాలు కూర్చుని సగం ప్రపంచం గెలిచాక కంప్యూటర్ నెమ్మదించిందని అన్నీ శుభ్రం చేసి, ఆటను మళ్లీ మొదటి ఊరి నుంచి చూసినప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆట మీద కుడి క్లిక్కు చేస్తే వచ్చే మెనూలో సేవ్ మేనేజర్ ఉంటుంది. అందులోంచి సేవ్ ఫైలు దించి పక్కన పెట్టుకోండి, అర నిమిషం పని.

క్లిక్కు నొక్కే ముందు

ఊరు తెరుచుకోగానే చేయి మౌస్ మీదినుంచి తీసేయండి. పది సెకన్లు ఊరికే చూడండి. జనం ఎక్కడ గుమిగూడి ఉన్నారు? ఎటునుంచి ఎటు కదులుతున్నారు? తుపాకీ ఉన్నవాడు ఏ మూల నిలబడ్డాడు?

కొత్తవాళ్లందరూ జనం ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడే, సరిగ్గా నడిబొడ్డున నొక్కుతారు. ఆట మొదట్లో అది సరైనదే. వైరస్ చిమ్మే వెడల్పు అప్పుడు చాలా తక్కువ, ఎంతమందిని తాకితే అంత లాభం. ఆ వెడల్పు పెరిగాక మాత్రం ఇదే అలవాటు మిమ్మల్ని ఓడిస్తుంది.

నాకు కళ్లు తెరిపించిన రౌండు ఒకటుంది. ఎడమ వైపు పార్కులో పదకొండు మంది, కుడి వైపు రోడ్డు దాటాక ఇంకో గుంపు, ఇంచుమించు అంతే. పార్కు మధ్యలో నొక్కాను. తొమ్మిది మంది ఒకేసారి పచ్చబడ్డారు. చూడ్డానికి పండగలా ఉంది. మరుక్షణం ఆ తొమ్మిది జాంబీలూ పార్కులో మిగిలిన ఇద్దరి వెనక పడ్డాయి. తొమ్మిదింటికి ఇద్దరే! ఆ ఇద్దరూ దొరికేసరికి మొదటి జాంబీల ఆయుష్షు సగం అయిపోయింది. రోడ్డు వైపు మళ్లాయి, దారిలోనే ఒక్కొక్కటీ కూలిపోయాయి. కుడివైపు గుంపులో ఒక్కరికి కూడా ఏమీ కాలేదు.

అదే ఊరు మళ్లీ ఆడాను. ఈసారి రెండు గుంపులకూ మధ్య, రోడ్డుకు కాస్త ఎడమగా నొక్కాను. పార్కు అంచున నలుగురు, రోడ్డు దాటుతున్న ఒకడు, అవతలి అంచున ఇద్దరు. ఏడుగురే, ముందుకంటే ఇద్దరు తక్కువ. కానీ ప్రతి జాంబీకీ చెయ్యి చాపితే అందేంత దూరంలో తనకంటూ ఒక మనిషి ఉన్నాడు. ఊరు మొత్తం ఊడ్చుకుపోయింది.

కాబట్టి వెడల్పు చిన్నగా ఉన్నన్నాళ్లూ గుంపు నడిమధ్య నొక్కండి. వెడల్పు పెరిగాక గుంపుల అంచుల్లో, రెండు గుంపులు కలిసేచోట, నాలుగు రోడ్ల కూడలిలో నొక్కండి. గడ్డివాముకు నడుమ నిప్పు పెట్టినా అంటుకుంటుంది. పక్క వాము కూడా కాలాలంటే రెండింటి మధ్య పెట్టాలి.

అంటింపు లెక్క: ఒకటి దాటించడం

ఇక అసలు విషయం. ఇక్కడ కాగితం, పెన్ను తీసుకున్నా తప్పులేదు. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి.

ఒక జాంబీ 8 సెకన్లు బతుకుతుందనుకోండి. ఒక మనిషిని పట్టుకోవడానికి సగటున 5 సెకన్లు పడుతుంది. అంటే జీవితకాలంలో 1.6 మందిని పట్టుకుంటుంది. పట్టుకున్నవాళ్లలో సగం మందే జాంబీలవుతారు, మిగతావాళ్లు ఊరికే చనిపోతారు. అంటింపు 1.6లో సగం, 0.8.

మీ క్లిక్కు 10 మందిని తాకిందనుకుందాం. ఆ 10 మంది 8 మందికి అంటిస్తారు, ఆ 8 మంది 6.4 మందికి, అలా తగ్గుతూ పోయి చివరికి అందరూ కలిపి 50 మంది దగ్గర ఆగిపోతుంది. ఊళ్లో 80 మంది ఉంటే మీరు ఓడినట్టే. తడి కట్టెకు అగ్గిపుల్ల చూపించినట్టు, కాసేపు పొగ వస్తుంది, ఆరిపోతుంది.

ఇప్పుడు ఇదే 10 మందితో అంటింపును 0.9 చేయండి. మొత్తం 100కు చేరుతుంది. 0.8 నుంచి 0.9కి పెరిగింది కొద్దిగానే, ఫలితం రెట్టింపయింది. ఒకటికి దగ్గరవుతున్నకొద్దీ చిన్న పెంపు పెద్ద ఫలితాన్నిస్తుంది. ఒకటి దాటితే ఇక జనం అయిపోయేదాకా ఆగదు.

ఈ లెక్క చెప్పేది ఏమిటంటే, డబ్బు పెట్టే క్రమం మధ్యలో మారాలి. అంటింపు ఒకటికి చాలా కింద ఉన్నప్పుడు మొత్తం ఫలితం మొదటి క్లిక్కు తాకిన సంఖ్యను బట్టే ఉంటుంది. 10 బదులు 20 మందిని తాకితే 50 బదులు 100. అప్పుడు వైరస్ వెడల్పు కొనడమే లాభం. రెండో మూడో ఊళ్లు అలా గడిపేయొచ్చు. డబ్బు చేరాక అంటింపును ఒకటి దాటించే పెంపుల మీద పడాలి. అక్కడే వెడల్పును పట్టుకుని వేలాడితే ముందుకు సాగరు. అంటింపు ఒకటి దాటాక పెద్ద ఊళ్లలో 20 మందిని తాకినా 30 మందిని తాకినా పెద్దగా తేడా రాదు.

అంటింపు పెంచే పెంపులు పేర్లు మారినా మూడు రకాలు: ఆయుష్షు, వేగం, కాటు వేస్తే జాంబీ అయ్యే అవకాశం. ఈ మూడూ ఒకదాన్నొకటి గుణిస్తాయి. పై ఉదాహరణలోనే ఆయుష్షు 8 నుంచి 10 సెకన్లు చేస్తే అంటింపు సరిగ్గా 1. వేగం పెంచి 5 సెకన్ల వేటను 4కు తెచ్చినా 1. కాటు అవకాశం 50 శాతం నుంచి 65 శాతానికి పెంచితే 1.04. విడివిడిగా చూస్తే దేనికదే అంతంత మాత్రం. మూడూ కలిపితే 1.6 దాటిపోతుంది. అందుకే ఒకదాన్ని ఆకాశానికెత్తి మిగతావాటిని వదిలేయడం కంటే మూడింటినీ సమంగా ఎత్తుకుంటూ రావడం చౌక. పైగా ఈ ఆటల్లో ఒకే పెంపును మళ్లీ మళ్లీ కొంటుంటే ధర పెరుగుతూ పోతుంది. ప్రతిసారీ దుకాణంలో చూడాల్సింది ఒక్కటే: ఇప్పుడున్న దానికి ఎన్నోవంతు పెరుగుతోంది, దానికి ఎంత అడుగుతున్నారు. ఆ నిష్పత్తిలో ఏది చౌకగా ఉంటే అది కొనండి.

మినహాయింపు ఒకటుంది. జనం పలచబడేకొద్దీ వేటకు పట్టే సమయం పెరుగుతుంది, ఎందుకంటే దూరం పెరుగుతుంది. అందుకే ప్రతి ఊళ్లోనూ 90 మందిని తేలిగ్గా పట్టి చివరి ఆరుగురి దగ్గర ఓడిపోతుంటారు. మీ ఓటములన్నీ ఇలాగే ఉంటే లెక్క పక్కనపెట్టి వేగం కొనేయండి. దూరాన్ని జయించేది అదొక్కటే.

తుపాకులు, నాణేలు

పోలీసులు, సైనికులు చేసే పని కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. వాళ్లు మీ జాంబీ ఆయుష్షును కోసేస్తారు. 10 సెకన్లు బతకాల్సింది 4 సెకన్లకే పడిపోతే మీరు పోసిన డబ్బంతా నేలపాలు. తుపాకీవాడి పక్కనే క్లిక్కు నొక్కి వాణ్ని మొదటే జాంబీని చేయడం ఒక పద్ధతి. వాడు గుంపులోనో గుంపు పక్కనో ఉంటేనే అది చేయండి. విడిగా ఒక మూల ఉంటే వాడికోసం ఉన్న ఒక్క క్లిక్కునూ ఖర్చు చేయకండి. ఆ మూలకు వీలైనంత దూరంగా మొదలుపెట్టి, వాడిదాకా వెళ్లేసరికి ఇరవై మంది గుంపుగా వెళ్లేలా చూసుకోండి. ఒక్కొక్కరుగా వెళ్తే ఒక్కొక్కరుగా పోతారు. జాంబీ ఆరోగ్యం, దెబ్బ బలం కొనాల్సిన ఘడియ ఇదే, తుపాకులు మొదలైన ఊళ్లలో. అంతకుముందు బలం కొనడం దండగ, నేను నెట్ సెంటర్లో చేసింది అదే.

నాణేల విషయం చిన్నదే. పడిపోయిన మనుషులనుంచి నాణేలు రాలతాయి, వాటిని మౌస్ తిప్పి ఏరుకోవాలి. జాంబీలను చూస్తూ మైమరచిపోతే డబ్బు పోతుంది. గొలుసు అంటుకుందని తెలిసిన క్షణం నుంచి మీ కళ్లు నాణేల మీదే ఉండాలి. ఊళ్లను ఎంచుకునే వీలున్నచోట జనం ఎక్కువ, తుపాకులు తక్కువ ఉన్నవాటితో మొదలుపెట్టండి.

చేయి తిరగడానికి: అమెరికా పటం

ఇక్కడిదాకా చెప్పింది సరదా లెక్క కాదు. 2015లో కోర్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ అలెమీ, మాథ్యూ బీర్‌బామ్, క్రిస్టఫర్ మైయర్స్, జేమ్స్ సెత్నా జాంబీ వ్యాప్తి మీద ఒక పరిశోధన పత్రం రాశారు. ఫిజికల్ రివ్యూ ఇ అనే భౌతికశాస్త్ర పత్రికలో వచ్చింది. జాంబీని అడ్డం పెట్టుకుని అంటువ్యాధుల గణితాన్ని వివరించారు. దానికి తోడుగా బ్రౌజర్‌లోనే నడిచే అమెరికా పటం ఒకటి పెట్టారు. ఫ్లాష్ అక్కర్లేదు. పటం మీద ఎక్కడైనా నొక్కితే అక్కడ జాంబీలు పుడతాయి. వ్యాప్తిని జనసాంద్రతను బట్టి లెక్కగడుతుంది. నాణేలు లేవు, దుకాణం లేదు. వ్యూహం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు.

ఇందులో మీరు మార్చగలిగే ముఖ్యమైన అంకె ఒకటి: జాంబీ మనిషిని కరిచే జోరుతో పోలిస్తే మనిషి జాంబీని చంపే జోరు ఎంత. ఇది అంటింపు కాదు, దానికి తలకిందులు: తక్కువైతేనే జాంబీలకు మేలు. మామూలుగా 0.8 ఉంటుంది. అంటే జాంబీ పది కాట్లు వేసేలోపు మనుషులు ఎనిమిది జాంబీలను చంపుతారు. ఇన్ఫెక్టొనేటర్‌లోలా ఈ జాంబీలకు ఆయుష్షు లేదు. మనిషి చంపితేనే పోతాయి.

మొదటి అభ్యాసం: 0.8 పెట్టి న్యూయార్క్ మీద నొక్కండి. తర్వాత ఆ అంకెను 1 దాటించి మళ్లీ నొక్కండి. రెండోసారి వ్యాప్తి పుట్టిన చోటే చచ్చిపోతుంది. ఇందులో ఒక అందమైన లెక్క దాగి ఉంది. జనం దండిగా ఉన్నచోట ఒకే ఒక్క జాంబీతో మొదలుపెడితే, అది పెద్ద వ్యాప్తి కాకుండానే అంతమయ్యే అవకాశం ఆ అంకె ఎంతో అంతే: 0.8 అయితే 80 శాతం. జాంబీల వైపు మొగ్గు ఉన్నా సరే, ఒంటరిగా పోతే ఐదింట నాలుగుసార్లు ఓటమే. అదే పది జాంబీలతో మొదలుపెడితే పదీ ఆరిపోయే అవకాశం 0.8ని పదిసార్లు గుణించినంత, సుమారు 11 శాతం. ఇరవైతో అయితే 1 శాతం పైచిలుకు. అంటింపు ఒకటి దాటాక మొదటి సంఖ్య పెద్దగా పట్టదని పైన అన్నాను కదా, అది ఫలితం విషయంలో. దురదృష్టం నుంచి కాపాడే బీమాగా పది పదిహేను మంది ఎప్పుడూ ఉండాలి.

రెండో అభ్యాసం నాకు అన్నిటికంటే ఇష్టం. ఒకసారి లాస్ ఏంజిలెస్ మీద, ఇంకోసారి శాన్‌ఫ్రాన్సిస్కో మీద నొక్కి, రెండుసార్లూ బేకర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఏమవుతోందో చూడండి. ఏదో ఒకచోట యాదృచ్ఛికంగా జాంబీ పుడితే నెల రోజుల్లో ఎక్కువ ప్రమాదం ఎవరికని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. జవాబు మహానగరాలు కాదు, మహానగరాల మధ్య ఉన్న ప్రాంతాలు. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల, ఎందుకంటే దక్షిణాన లాస్ ఏంజిలెస్‌లో పుట్టినా ఉత్తరాన శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టినా అక్కడికి వస్తుంది. దేశం మొత్తంలో చూస్తే ఈశాన్య పెన్సిల్వేనియా. తూర్పు తీరంలో ఏ పెద్ద నగరంలో మొదలైనా తప్పించుకోలేదు. పార్కుకూ రోడ్డు అవతలి గుంపుకూ మధ్య నొక్కిన నా క్లిక్కు గుర్తొచ్చిందా? అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు, చేతికి తెలిసినదాన్ని ఎవరో గణితంలో రాసిపెట్టినట్టు అనిపించింది.

మూడోది, వ్యాప్తి ఎక్కడ ఆగుతుందో చూడండి. నగరాలు రోజుల్లో కూలిపోతాయి. ఉత్తర రాకీ పర్వతాల వైపు, మోంటానా లాంటి పలచని చోట్లకు చేరడానికి వారాలు, నెలలు పడుతుంది. చివరి ఆరుగురి సమస్యే ఇది, దేశమంత పటం మీద.

అదే పత్రంలో ఇంకో అంకె ఆడేవాళ్లకు పనికొస్తుంది. అందరూ కలగలిసి తిరిగే జనంలో జాంబీలు నిలదొక్కుకోవాలంటే పై నిష్పత్తి 1 కంటే తక్కువ ఉంటే చాలు. గడికొకరు చొప్పున నిలబడి, పక్క గడివాణ్ని తప్ప ఇంకెవరినీ తాకలేని జనంలో అది సుమారు 0.437 కంటే తక్కువ ఉండాలి. చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికే జాంబీలైపోతే, లేదా చచ్చిపోతే, కరవడానికి ఎవరూ మిగలరు కదా. కదలిక లేని వ్యాప్తికి రెట్టింపుకు పైగా బలం కావాలన్నమాట. వేగాన్ని ఎప్పుడూ చిన్నచూపు చూడొద్దని నేను పదేపదే చెప్పేది అందుకే.

చాప కింద నీరు: నెమ్మది ఆటలు

ఇంకో జాతి ఆటలున్నాయి. వాటిలో ఊరు కాదు, ప్రపంచ పటం ఉంటుంది. తొందర పనికిరాదు. 2008లో డార్క్ రెల్మ్ స్టూడియోస్ చేసిన పాండెమిక్ 2 వీటిలో ముందు చెప్పుకోవాల్సింది. జాంబీలు ఉండవు, మామూలు వ్యాధే. 2012లో వచ్చిన ప్లేగ్ ఇంక్ ఆ దారిలోదే. అందులో తర్వాత చేర్చిన నెక్రోవా వైరస్‌లో జాంబీలు కూడా వచ్చాయి, వాటిని వేటాడటానికి జెడ్ కామ్ అనే దళం కూడా. ప్లేగ్ ఇంక్ ఫోన్లో, కంప్యూటర్లో ఆడేది. నేర్చుకోవడానికి మాత్రం పాండెమిక్ 2 చాలు.

ఆట మొదట్లో వైరస్, బ్యాక్టీరియా, పరాన్నజీవి అన్న మూడింటిలో ఒకటి ఎంచుకుంటారు. వ్యాధికి అంటుకునే గుణం, చంపే గుణం, కంటపడే గుణం అని మూడు కొలతలు. మూడోదే మీ శత్రువు. వ్యాధి కంటపడగానే దేశాలు సరిహద్దులు, విమానాశ్రయాలు, ఓడరేవులు మూసేస్తాయి, టీకా పని మొదలవుతుంది.

పద్ధతి ఇది. మొదలుపెట్టగానే కంటపడే లక్షణాలను అమ్మేయండి, వాటికి పాయింట్లు తిరిగి వస్తాయి. ఆ పాయింట్లతో వ్యాపించే దారులు కొనండి: ఎలుకలు, కీటకాలు, గాలి, నీరు. తర్వాత వేడి, చలి, తేమలను తట్టుకునే శక్తి. చంపే లక్షణం ఒక్కటి కూడా కొనకండి, ఎంత ఊరించినా సరే. మడగాస్కర్ ఎర్రబడేదాకా కాచుకుని కూర్చోండి. ఆ దీవికి ఆటలో ఉన్నది ఒక్క ఓడరేవు, విమానాశ్రయం లేదు. అది మూసుకుంటే ప్రపంచంలో అందరూ పోయినా మడగాస్కర్ మిగిలి మీరు ఓడిపోతారు. ఈ ఆట ఆడినవాళ్లెవరిని కదిపినా ముందు ఆ పేరే చెబుతారు. వ్యాధి అక్కడే మొదలైతే మీ అదృష్టం. కాకపోతే ఓడ వచ్చేదాకా ఓపిక. అన్ని ప్రాంతాలూ అంటుకున్నాక, దాచుకున్న పాయింట్లన్నీ ఒక్కసారి బయటకు తీసి ప్రాణాంతక లక్షణాలు వరసగా కొనేయండి. అప్పుడు రేవులు మూసినా వాళ్లు చేయగలిగింది లేదు.

ఒక మాట చెప్పాలి. 2021 వేసవి తర్వాత చాలా రోజులు నేను ఈ ఆట తెరవలేకపోయాను. తెర మీద పెరిగే అంకెలు అప్పుడు వేరేగా కనిపించాయి. మీకూ అలా అనిపిస్తే బలవంతంగా ఆడకండి, ఇన్ఫెక్టొనేటర్ బొమ్మల ఊళ్లతో సరిపెట్టుకోండి. మళ్లీ తెరిచినప్పుడు నాకు ఆటలో కొత్తగా కనిపించింది మూసుకునే ఓడరేవు. ముందంతా అది అడ్డంకి, ఇప్పుడు దాని వెనక ఎవరో సరైన సమయానికి తీసుకున్న నిర్ణయం ఉందని తెలుస్తుంది.

భయం కూడా అంటుకుంటుంది

కెవన్ డేవిస్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్ చాలా ఏళ్ల కిందట చేసిన జాంబీ వ్యాప్తి నమూనా ఒకటుంది. అందులో చుక్కలే తప్ప బొమ్మలు లేవు. జాంబీ చుక్కలు నెమ్మదిగా తడబడుతూ నడుస్తాయి, మనిషి చుక్కలు వాటికంటే చాలా వేగం. ఎదురుగా జాంబీ కనిపిస్తే మనిషి వెనక్కి తిరిగి బెదిరి పరుగెడతాడు. బెదిరినవాణ్ని చూసిన ఇంకో మనిషీ బెదురుతాడు, జాంబీ కనిపించకపోయినా. ఇలాంటి నియమం ఉన్న ఆట మీకు తగిలితే గమనించండి: బెదురు జాంబీకంటే ముందు వెళ్తుంది. గుంపు ఎటు చెదురుతుందో చూసి, ఆ సందు అవతలి చివర రెండో దాడి పెట్టండి, ఆట రెండో అవకాశం ఇస్తే.

ఆయనే 2005లో అర్బన్ డెడ్ అనే ఆట పెట్టాడు. మాల్టన్ అనే కల్పిత నగరం, వేలమంది ఆటగాళ్లు, చనిపోయిన ప్రతి మనిషీ జాంబీగా లేచే ఏర్పాటు. 2025 మార్చిలో మూసేశారు కాబట్టి ఇప్పుడు ఆడలేరు. కానీ జాంబీలుగా ఆడినవాళ్లు అందులో ముందు సంపాదించుకునే నైపుణ్యాల్లో ఒకటి గుర్తుంచుకోదగ్గది. పడిపోయిన జాంబీ లేవాలంటే మామూలుగా 10 యాక్షన్ పాయింట్లు ఖర్చు, ఆ నైపుణ్యం ఉంటే 1. కాటు బలం పెంచుకోవడం కంటే ఇదే ఎక్కువ లాభం. పడినా వెంటనే లేచేవాడు, రోజులో ఎక్కువసేపు నిలబడి ఉంటాడు.

ఓడిపోతుంటే ఎక్కడ చూసుకోవాలి

వరసగా మూడుసార్లు ఓడాక కొత్తగా ఏదైనా కొనేముందు, చివరి ఓటమి ఎలా జరిగిందో గుర్తు తెచ్చుకోండి. క్లిక్కు చుట్టుపక్కలే ఆగిపోయిందా? అంటింపు ఒకటికి చాలా కింద ఉంది, వెడల్పు కొని గట్టెక్కి, డబ్బు పోగుచేయండి. ఒక గుంపు మొత్తం పోయి రెండో గుంపుకు చేరలేదా? డబ్బు అక్కర్లేదు, క్లిక్కు చోటు మార్చండి. మంచి ఊపుమీద వెళ్లి ఒక మూలకు చేరగానే కుప్పకూలిందా? అక్కడ తుపాకీ ఉంది, ఆరోగ్యం కొనండి, లేదా ఆ మూలనుంచి దూరంగా మొదలుపెట్టండి. నలుగురైదుగురు మిగిలిపోతున్నారా? వేగం.

ఒక్కోసారి అన్నీ సరిగ్గా చేసినా ఓడతారు. మొదట తాకిన పదిమందీ పక్కవాణ్ని అందుకోకముందే పడిపోతారు. పైన చూశాం, పదితో మొదలుపెట్టినా తొమ్మిదిసార్లలో ఒకసారి అలా అవుతుంది. అప్పుడు ఏమీ మార్చకండి. అదే చోట మళ్లీ నొక్కండి.